టేపుకి రెండో వైపు

ఆవిడ అసలు పేరుతో ఆ వీధిలో ఎవరికీ పని పడలేదు. టేపక్క అంటే చాలు, చిన్నవాళ్ళూ పెద్దవాళ్ళూ అందరికీ అక్కే. మెడలో కొలతల టేపు లేకుండా ఆవిడని చూసినవాడు లేడు. పెళ్ళికెళ్ళినా అదే, ఆసుపత్రికెళ్ళినా అదే. ఒకసారి ఎవరింట్లోనో చావుకి వెళ్ళి, ఏడుస్తూ ఏడుస్తూ టేపు చివరతో కళ్ళు తుడుచుకుంటుంటే, పక్కన కూర్చున్న ముసలాయన మెల్లిగా జరిగి, "అమ్మా, నాకింకా టైముంది, కొలవకు" అన్నాడట.

మనిషి పొట్టి, మాట పొడుగు, నడకంటూ లేదు, అంతా పరుగే. పద్నాలుగేళ్ళ కింద మెట్ల కింద గూట్లో ఒక పాత కుట్టుమెషిను వేసుకుని మొదలెట్టింది. పొట్టిగా పుట్టించినందుకు వాళ్ళ నాన్నకి ఆ గూట్లోనే మొదటిసారి థాంక్స్ చెప్పుకున్నానని అందరికీ చెబుతుండేది. మిగతావాళ్ళెవరైనా లోపలికొస్తే తల పగలాల్సిందే. ఇప్పుడు రెండు గదుల షాపు. ఆరు మెషిన్లు, కుట్టేవాళ్ళు నలుగురు, కాజాలకీ గుండీలకీ విడిగా ఒక మనిషి. ఆ మనిషి కాజాల పిన్ని. అరవై దాటిన మనిషి, ముక్కు మీద కళ్ళజోడు, నాలుక మీద సూది.

టేపక్కకి ఒక పిచ్చి ఉండేది. ఏం కుట్టినా లోపలెక్కడో ఒక దొంగజేబు పెట్టేది. అడక్కుండా, చెప్పకుండా. చొక్కాకి పెట్టిందంటే సరే, దిండు గలీబుకి కూడా పెట్టేది. ఏ ఆర్నెల్లకో కస్టమరు దాన్ని కనిపెట్టి నవ్వుకుంటూ వస్తాడే, ఆ మొహం చూడ్డానికి. ఒక స్కూలు టీచరు తన కోటులో జేబుందని నాలుగేళ్ళకి తెలుసుకుని, షాపుకొచ్చి ఆవిడ మీద కేకలేసి, వెంటనే ఇంకో కోటుకి కొలతలిచ్చి వెళ్ళాడు. ఆ రోజు టేపక్క సాయంత్రం దాకా ఈల వేస్తూనే ఉంది. పని అంటే ఆవిడకి అలా ఉండేది.

ఆ వీధిలో షాపులన్నీ మధ్యాహ్నం రెండింటికి షట్టర్లు దించుతాయి, నాలుగింటికి ఎత్తుతాయి. తాళాల రిపేరాయన, అద్దాలు కోసేవాళ్ళు, చెప్పుల షాపు అన్నదమ్ములు, అందరూ ఇళ్ళకి పోయి నడుం వాలుస్తారు. ఆ రెండు గంటలూ వీధి వీధిలా ఉండదు. ఎండ కదలకుండా నిలబడిపోతుంది. కుక్కలు నోరు తెరుస్తాయి గానీ అరవవు. ఎక్కడో కుళాయి నుంచి చుక్క పడితే ఇక్కడికి వినిపిస్తుంది.

టేపక్క కూడా మొదట్లో ఇంటికి పోయేది. తర్వాత ఒక పెద్ద ఆర్డరు వచ్చింది, ఈ ఒక్కసారికే అని సగం షట్టరు దించి లోపల ఒక్కతే కటింగ్ చేసుకుంది. ఆ ఒక్కసారి ఆరేళ్ళు నడిచింది. ఆదివారాలు కూడా అందులోనే కొట్టుకుపోయాయి. షాపు పెరిగింది, ఆవిడ తగ్గింది.

పని మీద ఇష్టం ఎప్పుడు పోయిందో ఆవిడకే తెలీదు. ఇదివరకు గుడ్డ చూస్తే చొక్కా కనిపించేది. ఇప్పుడు గుడ్డ చూస్తే గుడ్డే కనిపిస్తోంది. దొంగజేబులు మానేసి రెండేళ్ళయింది. టైము దండగ అంది. ఈల ఎప్పుడు మానేసిందో ఎవరూ గమనించలేదు.

ఈలోగా ఒక హోటలు వాళ్ళు వచ్చారు. డెబ్భై మంది సిబ్బందికి డెబ్భై చొక్కాలు. మనిషికొక కొలతల చీటీ రాసింది, ఒకటి నుంచి డెబ్భై దాకా నంబర్లేసింది, పని మొదలెట్టింది. నాలుగో చొక్కాకి రెండు చేతులూ ఎడమచేతులే పెట్టింది. విప్పి మళ్ళీ కుట్టింది. మళ్ళీ ఎడమవే. కుట్టేవాళ్ళు నవ్వు ఆపుకోలేక వెనక గదిలోకి పారిపోయారు. ఇదివరకైతే అందరికంటే ముందు ఆవిడే నవ్వేది. ఆ రోజు చొక్కా పక్కన పడేసి, రెడీమేడ్ బట్టల షాపాయనకి ఫోన్ చేసింది. ఆయన ఆ ఆరు మెషిన్ల మీద ఎప్పట్నుంచో కన్నేసి ఉన్నాడు. పై వారం శనివారం పొద్దున్న పదకొండింటికి వ్యాను తెచ్చుకుని మెషిన్లు తీసుకుపొమ్మంది. హోటలు పని అప్పటికి అయిపోతుంది, తర్వాత షాపే ఉండదు.

ఇంట్లో ఉప్పైపోయిందని చెప్పినట్టే మొగుడికి ఆ సంగతి చెప్పింది. ఆయన సిటీ బస్సు డ్రైవరు. హారన్ కూడా అవసరమైతేనే కొట్టే రకం, మాట సంగతి చెప్పక్కర్లేదు. కాసేపు ఆలోచించి ఒకటే అడిగాడు.

"విసుగొచ్చిందా, అలిసిపోయావా?"

"రెండూ ఒకటే కదండీ."

"కాదు," అన్నాడాయన. అని, కంచం కడుక్కోడానికి లేచి వెళ్ళిపోయాడు.

ఆవిడకి అది తేలలేదు. విసుగైతే మెషిన్లు పోవడమే మంచిది. అలసటైతే పద్నాలుగేళ్ళ బతుకుని వ్యానెక్కించి పంపేస్తున్నట్టు. ఏదో తేల్చుకోడానికి తీరిక లేదు. చేతిలో ఇంకా అరవై ఏడు చొక్కాలున్నాయి.

ఆ శనివారం మూడు రోజులుందనగా, బుధవారం నాలుగింటికి కాజాల పిన్ని వచ్చి బుట్ట ముందు కూర్చుని సణగడం మొదలెట్టింది. కుట్టడం అయిన చొక్కాలు ఆ బుట్టలో వేస్తే పిన్ని తీసుకుని కాజాలు వేస్తుంది. అది అక్కడి పద్ధతి.

ఈ బొమ్మల ఆర్డరు ఎవరు తెచ్చిపెట్టారో గానీ, ఆ పిసరంత గుండీలకి కాజాలు వెయ్యలేక తన కళ్ళు కాస్తా పోతున్నాయని పిన్ని గొడవ. ఏ బొమ్మలు అని టేపక్క అడిగింది. పిన్ని లేచి, వెనక గదిలో తీగకి తగిలించినవి నాలుగు తెచ్చి, బుట్టలోది ఐదోది తీసి, బల్ల మీద వరసగా పరిచింది.

ఐదు చొక్కాలు. ఒక్కోటి జానెడు కంటే కాస్త ఎక్కువ పొడుగు. కాలరుంది, కఫ్‌లున్నాయి, వీపు మీద మడతుంది. కుట్టు ఎంత సన్నమంటే చీమల బారులా ఉంది. టేపక్క వాటిని ఇంతకు ముందు ఎన్నడూ చూడలేదు.

ఎప్పట్నుంచి వస్తున్నాయంటే సోమవారం నుంచి, నాలుగింటికి వచ్చేసరికి బుట్టలో ఉంటున్నాయంది పిన్ని. మరి నాకెందుకు చెప్పలేదని టేపక్క నిలదీస్తే పిన్ని కళ్ళజోడు మీంచి చూసింది.

"బుట్టలో పడితే కాజా వేస్తా. ఎందుకు పడ్డావని దాన్ని అడుగుతానా?"

కుట్టేవాళ్ళ మీద పడింది టేపక్క. పని నెత్తి మీదుంటే పరాచికాలా అంది. నలుగురూ ఒట్టేసుకున్నారు. రెండింటి నుంచి నాలుగింటి దాకా అందరూ ఇళ్ళల్లోనే ఉన్నారు, లోపల ఉండేది ఆవిడొక్కతే. గుడ్డ తానులు విప్పి కొలిస్తే ఒక్క అంగుళం తగ్గలేదు. అన్నీ కటింగ్‌లో మిగిలిన ముక్కలతో కుట్టినవే.

అప్పుడు టేపు తీసి ఒక చొక్కా కొలిచింది. ఛాతీ చుట్టూ పదహారున్నర అంగుళాలు. చేయి తొమ్మిదిన్నర. మెడ ఆరుకి ఒక గీత తక్కువ. మెడ రెండోసారి కొలిచింది. అదే వచ్చింది. కుట్టేవాళ్ళలో ఒకమ్మాయి ఇంకా నవ్వుతోంది, ఏ పసిపిల్లాడికో ముచ్చటగా ఉంటుందంది.

"పసిపిల్లాడిది కాదు," అంది టేపక్క. "పసిపిల్లాడికి మెడ ఇంత సన్నం ఉండదు. చేతులు ఇంత పొడుగుండవు. ఇవన్నీ పెద్దమనిషి లెక్కలే. ఎవడో పెద్దమనిషే, ఇంతున్నాడు."

నవ్వుతున్న అమ్మాయి ఆపేసింది. పిన్ని వేలు ఒకటి చొక్కా లోపల తడుముతూ ఎక్కడో ఆగింది. ఎడమ పక్క, అతుకు వెనకాల, చిటికెన వేలి కొన మాత్రమే పట్టేంత జేబు. పిన్ని దాన్ని తిప్పి చూపించింది. మిగతా నాలుగింటికీ ఉన్నాయి. ఆ జేబు ఎక్కడ పెట్టాలో టేపక్క ఎవరికీ నేర్పలేదు. తనైతే పెట్టి రెండేళ్ళయింది.

గురువారం రెండింటికి టేపక్క షట్టరు పూర్తిగా దించి లోపల గడియ పెట్టుకుంది. కటింగ్ బల్ల పక్కన కుర్చీ వేసుకుని, బుట్టకి ఎదురుగా, పెద్ద కత్తెర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వచ్చేవాడెవడో జానెడు వాడే కదా, చూసుకుందాం అనుకుంది. బయట ఎండ చప్పుడు కూడా లేదు. గోడ గడియారం రెండూ పది చూపిస్తోంది. ఆవిడ ఒక్కసారి రెప్ప వేసింది.

గడియారం మూడూ యాభై చూపిస్తోంది.

మధ్యలో ఏమీ లేదు. నిద్రపోయి లేచినట్టు కూడా లేదు. కుర్చీలోనే ఉంది, కత్తెర ఒళ్ళోనే ఉంది. బల్ల మీద మాత్రం రెండు కొత్త చొక్కాలున్నాయి. చేయి వేస్తే కత్తెర పిడి వెచ్చగా తగిలింది, ఎవరో అప్పుడే వదిలేసినట్టు. గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది. టేపక్క గడియ తీసి, షట్టరు ఎత్తి, నడి ఎండలోకి వెళ్ళి నిలబడింది. నాలుగింటికి పిన్ని వచ్చేదాకా లోపలికి రాలేదు.

వచ్చాక ఇద్దరూ బల్లకి అటొకరు ఇటొకరు నిలబడ్డారు. నిన్న కొలిచిన చొక్కానే మళ్ళీ పరిచి, టేపు ఒక కొస టేపక్క, రెండో కొస పిన్ని పట్టుకున్నారు. ఛాతీ పదహారున్నర అని టేపక్క తన వైపు చదివింది.

"నలభై రెండు," అంది పిన్ని అటు నుంచి.

"పదహారున్నర పిన్నీ."

"నాకు సూదిలో దారం కనబడుతుంది, అంకెలు కనబడవా? నలభై రెండు."

టేపుకి రెండు ముఖాలు. ఒక వైపు అంగుళాలు, ఇంకో వైపు సెంటీమీటర్లు. దర్జీలందరూ అంగుళాల వైపే చూస్తారు, రెండో వైపుందని కూడా మర్చిపోతారు. టేపక్క టేపు తిప్పింది. మెడ పదిహేను. చేయి ఇరవై నాలుగు. పొడుగు ఇరవై తొమ్మిది. ఈ అంకెలు ఆవిడకి తెలుసు. పరుగున పోయి హోటలు చీటీల కట్ట తెచ్చింది. ఒకటో నంబరు, గేటు దగ్గర నిలబడే మనిషి. నలభై రెండు, పదిహేను, ఇరవై నాలుగు, ఇరవై తొమ్మిది. చీటీలో అవి అంగుళాలు, చొక్కాలో సెంటీమీటర్లు.

మిగతావి కూడా చూశారు. ఏడు చొక్కాలూ మొదటి ఏడు చీటీలే, వరస తప్పలేదు. ఐదో మనిషికి కుడి భుజం కొంచెం కిందికుంటుందని చీటీలో రాసుంది. ఐదో చొక్కాకి కూడా కుడి భుజం కిందికే ఉంది. హోటల్లో ఉన్నవాళ్ళందరినీ ఎవరో ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి, జానెడు మనుషుల్ని చేసి పంపిస్తున్నట్టుంది.

ఎవరు చేస్తున్నారో టేపక్కకి తట్టలేదు. పిన్నికి తట్టింది. నోరు మాత్రం మెదపలేదు. ఆ సాయంత్రం బస్సు స్టాపులో నిలబడి, టేపక్క మొగుడి బస్సు వచ్చేదాకా చూసి, ఎక్కి, డ్రైవరు వెనక సీట్లో కూర్చుని ఆయన చెవిలో అంతా ఊదేసింది.

మర్నాడు శుక్రవారం ఆయనకి వారపు సెలవు. రెండింటికి ముందే ఇద్దరూ ఆవిడ కంట పడకుండా లోపలికొచ్చి, వెనక గది పరదా చాటున దొంగల్లా నక్కారు. టేపక్క ఈసారి రెప్ప వెయ్యకుండా చూద్దామని మళ్ళీ గడియ పెట్టుకుని అదే కుర్చీలో కూర్చుంది. నాలుగింటికి షట్టరు ఎత్తి వెనక్కి తిరిగితే మొగుడు బల్ల పక్కన నిలబడి ఉన్నాడు. ఫోన్ చేతికిచ్చాడు.

ఫోన్‌లో వీడియో. కుర్చీలో టేపక్క కూర్చుని ఉంది. తల ముందుకి వాలింది. కాసేపటికి మళ్ళీ లేచింది, కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆవిడ లేచి, దుప్పటి మడత మార్చినంత మామూలుగా మెడలో టేపు తిరగేసుకుంది. చీటీల కట్టలో ఎనిమిదోది తీసింది. ముక్కల బుట్టలోంచి గుడ్డ ఏరుకుంది, సుద్ద గీత కూడా లేకుండా కోసింది, మెషిను మీదకి వంగింది. ఈల వేస్తోంది. నవ్వుతోంది. పరదా చాటునుంచి పిన్ని బయటికి రావడం, గొంతు సవరించుకోవడం వీడియోలో ఉంది.

"ఎవరికమ్మా ఇవన్నీ?"

వీడియోలో ఉన్నావిడ తలెత్తలేదు. "వీళ్ళకేం తొందర లేదు పిన్నీ," అంది.

తర్వాత తలెత్తి తిన్నగా ఫోన్ వైపు చూసింది. పెదాల మీద వేలు పెట్టింది. ఇంకో చేత్తో, తను లేచొచ్చిన ఖాళీ కుర్చీ చూపించింది. అక్కడెవరో నిద్రపోతున్నారు, లేపకండి అన్నట్టు. అక్కడ వీడియో అంతా ఊగిపోయింది.

టేపక్క దాన్ని మూడుసార్లు చూసింది. మొదటిసారి ఒళ్ళు జలదరించింది. రెండోసారి ఆవిడ చేతుల్నే చూసింది. మూడోసారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఏడుపు కాదది, కుళ్ళు.

"ఎంత బాగా కుడుతోందండీ," అంది. "నేనెప్పుడైనా అలా నవ్వుతూ కుట్టానా?"

"మెట్ల కింద ఉన్నప్పుడు," అన్నాడాయన.

ఫోన్ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత బస్సు డ్రైవరు తన పెళ్ళైన ఇన్నేళ్ళలో ఒక్క గుక్కలో అంత పొడుగు మాట మొదటిసారి మాట్లాడాడు.

"ఎనిమిది గంటలయ్యాక ఎంతటి డ్రైవరైనా బండి దిగాల్సిందే. నేను దిగనన్నా డిపోలో దింపేస్తారు. బండంటే ఇష్టం లేక కాదు, రేపు మళ్ళీ ఇష్టంగా ఎక్కాలని. నీకు డిపో లేదు. అదే నీ రోగం. పనిలో పడి నువ్వు దిగలేదు, నీ ఇష్టం మాత్రం దిగి ఇలా వేరే దారి చూసుకుంది."

హోటలు పని సగమే అయిందని ఆవిడ గొణిగింది. పిన్ని హోటలు మేనేజరుకి ఫోన్ కలిపి, మా అమ్మాయికి ఒంట్లో బాగోలేదు, ఇంకో వారం ఆగాలి, ఆగలేమంటే వచ్చి మీరే కుట్టుకోండి అంది. అవతలాయన కాసేపు విసుక్కుని సరేనన్నాడు. పిన్ని తాళాల గుత్తి నడుముకి దోపుకుంది, ఇక దాన్ని అక్కణ్ణుంచి లాక్కోవడం ఎవరి తరమూ కాదు.

మొగుడూ పెళ్ళాం బస్సెక్కారు. రెండో స్టాపు రాకముందే ఆవిడ కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. దింపి, నడిపించి, మంచం మీద పడుకోబెడితే అప్పుడు కూడా సరిగ్గా కళ్ళు విప్పలేదు. సాయంత్రం ఐదింటికి పడుకున్న మనిషి మర్నాడు పదింటి దాకా కదల్లేదు. మధ్యలో పిన్ని వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, బతికే ఉందని చెప్పి వెళ్ళింది.

శనివారం పదింటికి కళ్ళు తెరిచేసరికి టేపక్కకి నలభై మూడో నంబరు మనిషి గుర్తొచ్చాడు. వంట గదిలో పనిచేస్తాడు, బొజ్జ దగ్గర గుండీలు ఎప్పుడూ విచ్చుకుంటాయని కొలతలప్పుడు సిగ్గుపడ్డాడు. అతని చొక్కా పైకప్పు మీద గీసి పెట్టినంత స్పష్టంగా కనిపించింది. ఎక్కడ కాస్త జరిపితే ఆ బొజ్జ సర్దుకుంటుందో తెలిసిపోయింది. చేతులు దురద పుట్టాయి. లేచి కూర్చుంది. అప్పుడు వ్యాను గుర్తొచ్చింది.

చెప్పులు ఎడమా కుడీ కూడా చూసుకోకుండా పరిగెత్తింది. దారంతా ఒకటే భయం, తను చేరేలోపే మెషిన్లు ఎక్కించేస్తారేమోనని. ఎన్నో ఏళ్ళకి ఆ షాపు కోసం ఆవిడ గుండె అలా కొట్టుకుంది.

ఆరు మెషిన్లూ ఎక్కడివక్కడే ఉన్నాయి. కుట్టేవాళ్ళు పనిలో ఉన్నారు, పిన్ని గుండీలు ఏరుతోంది. పదకొండున్నరైంది, వ్యాను రాలేదు. పన్నెండైంది. ఇక ఆగలేక, క్షమాపణలన్నీ వరసగా పేర్చుకుని, రెడీమేడ్ షాపాయనకి తనే ఫోన్ చేసింది. ఆ మెషిన్ల సంగతి, అని నసుగుతుంటే ఆయన మధ్యలోనే అందుకున్నాడు.

"వద్దన్నారుగా అమ్మా. మొన్న గురువారం మీరేగా ఫోన్ చేసింది. మధ్యాహ్నం మూడింటికి. పడుకున్నవాణ్ణి లేపేశారు."

"నేనా?"

"మీ గొంతే. ఎంత హుషారుగా మాట్లాడారో. అమ్మడం లేదు, వ్యాను పంపకండి అన్నారు. ముందే చెప్పొచ్చుగా అంటే, చెప్పడానికి ఆవిడ లేవాలిగా, పాపం అలిసిపోయి పడుకుంది అన్నారు. ఏ ఆవిడండీ అన్నాను. నవ్వి పెట్టేశారు."

టేపక్క చేతిలో ఫోన్ అలాగే ఉంది. గురువారం షట్టరు దించి ఉంది, గడియ పెట్టి ఉంది, కత్తెర తన ఒళ్ళోనే ఉంది.

"ఇంతకీ లేచిందా అమ్మా ఆవిడ?" అన్నాడాయన.

"ఇవాళ పొద్దున్న లేచిందండీ," అంది టేపక్క, నెమ్మదిగా.

ఫోన్ పెట్టేసి నలభై మూడో చీటీ తీసింది. గుడ్డ పరిచి, బొజ్జ దగ్గర సుద్దతో గీసి, కోసింది. చేయి ఎక్కడా తడబడలేదు. వ్యాను సంగతేమైందని పిన్ని అడిగితే రావడం లేదంది. ఎందుకటా అంటే, ఎవరో వద్దన్నారట అంది. పిన్ని ఆవిడ మొహంలోకి ఒకసారి చూసి, ఎవరని మాత్రం అడగలేదు.

రెండైంది. వీధిలో ఒక్కొక్క షట్టరూ దడదడా దిగింది. కుట్టేవాళ్ళు వెళ్ళిపోయారు. టేపక్క కూడా బయటికొచ్చి, తన షట్టరు నేల దాకా లాగి, పిన్ని ఇచ్చిన గుత్తితో బయట తాళం వేసింది. ఎండ కదలకుండా నిలబడి ఉంది. నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కొచ్చి, షట్టరుకి చెవి ఆనించింది.

"ఏమైనా వినిపిస్తోందా?" అంది పిన్ని, గొంతు తగ్గించి.

"లేదు పిన్నీ," అంది టేపక్క. అని ఇంకాసేపు అలాగే నిలబడింది. లోపల నిజంగానే ఏమీ లేదు. అందుకు సంతోషించాలో దిగులుపడాలో తేల్చుకోకుండానే ఆవులింత వచ్చింది. నిద్రొస్తోంది, ఇంటికి పోదాం పద అంది.